తాడు మీది అల, గాలిలోని కేక

తొమ్మిదో తరగతికి తరంగాల పాఠం చెప్పే రోజున నేను ముందుగా ఒక తాడు తీసుకెళతాను. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే, చిన్న మూపురం ఒకటి లేచి గబగబా కిటికీ దాకా పోతుంది. తాడు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. తాడు నడుమ ఎర్రగుడ్డ పీలిక కట్టి, అది కిటికీ వైపు పోయిందా అని అడుగుతాను. పోలేదంటారు. అది పైకి లేచింది, కిందికి దిగింది, అంతే. అల పోయే దారి ఒకటి, పీలిక కదిలే దారి దానికి అడ్డంగా ఇంకొకటి. దీన్ని తిర్యక్ తరంగం అంటారని బోర్డు మీద రాస్తాను. పిల్లలు రాసుకుని, ఇంకోసారి విదిలించమని అడుగుతారు.

తర్వాత స్ప్రింగు తీస్తాను. దాన్ని బల్ల మీద పొడుగ్గా సాగదీసి కొసను ముందుకు నెడితే, చుట్లు ఒకచోట దగ్గరపడతాయి. ఆ దగ్గరపడటమే అవతలి కొసకు పాకుతుంది. ఇక్కడ చుట్టు కదిలేది కూడా అల పోయే దారిలోనే, ముందుకూ వెనక్కూ. ఇది అనుదైర్ఘ్య తరంగం, మనం మాట్లాడితే గాలిలో జరిగేది ఇదే అని చెప్పేసరికి సగం తరగతి కిటికీలోంచి బయటికి చూస్తుంటుంది. కంటికి కనపడని దాని మీద పిల్లలకు నమ్మకం తక్కువ. నాకు కోపం వస్తుంది. కోపం నాకు కాస్త ఎక్కువేనని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు, నా వెనక నవ్వుకుంటారని నాకూ తెలుసు. ఈ పాఠం దగ్గర వచ్చే కోపంలో మాత్రం సగం భయమే. తాడును నమ్ముకున్న మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

మా అన్న మోటారు మెకానిక్. అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పని చేసేవాడు. మా నాయన పరుపులు కుట్టేవాడు. ఇంట్లో దూది పని ఆయనతోనే ఆగిపోయింది, అన్న రాగి తీగ పట్టుకున్నాడు. మా చుట్టుపక్కల వరి మళ్లు ఎన్ని ఉన్నాయో రొయ్యల గుంటలూ అన్ని ఉన్నాయి. ప్రతి గుంటలోనూ వరసగా ఏరియేటర్లు తేలుతుంటాయి. అవి రెక్కలతో నీళ్లు చిమ్మి రొయ్యకు ఊపిరి అందిస్తాయి. అవి ఆగితే రొయ్య చస్తుంది, రొయ్య చస్తే రైతు నిలువునా మునుగుతాడు. అందుకని మా అన్నను అర్ధరాత్రి లేపినా, అన్నం ముందు నుంచి లేపినా ఎవరూ మొహమాటపడేవారు కాదు. నాకు ఈ ఊరి హైస్కూలుకు బదిలీ అయినప్పటి నుంచి నేను కూడా అన్నావదినల ఇంట్లోనే ఉంటున్నాను.

మోటారు జబ్బు తెలుసుకోవడానికి అన్నకు ఒక పద్ధతి ఉండేది. పొడుగు స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి నొక్కిపట్టి కళ్లు మూసుకునేవాడు. లోపలి అదురు ఇనుములోంచి వచ్చి చెవికి అందుతుంది. ‘బేరింగు ఏడస్తా ఉంది’ అనో, ‘దీనికేం కాలేదు, ఊరికే అలిగింది’ అనో తీర్పు చెప్పేవాడు. మోటార్లు బాగుచేసే వాళ్లంతా చేసే పనే ఇది, మా అన్న కనిపెట్టిందేం కాదు. కానీ ఒకరోజు బడి నుంచి వస్తూ షెడ్డులోకి తొంగి చూస్తే, ఆయన పిడిని చెవికి కాకుండా పళ్లతో కరిచి పట్టుకుని ఉన్నాడు.

‘అదేంది అన్నా, ఆకలేస్తా ఉందా’ అన్నాను. ఆయన తల తిప్పలేదు. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాక చూసి, స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసి తుడుచుకున్నాడు. ‘చేతులకి గ్రీజు’ అన్నాడు. చేతులకు గ్రీజు ఉంటే నోట్లో పెట్టుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు. ఇంటికి నడుస్తుంటే అర్థమైంది, ఆయన చెవికి ఇక ఏమీ అందడం లేదు.

ఆ రోజు నుంచి గమనించడం మొదలుపెట్టాను. మసీదులో అజాన్ మొదలవగానే పని ఆపి లేచే మనిషి, ఇప్పుడు ఫోన్లో టైము చూసి లేస్తున్నాడు. వదిన వంటింట్లోంచి పిలిస్తే పలకడు, ఎదురుగా వచ్చి మాట్లాడితే పెదాల వంక చూస్తాడు. ఫోను ఎప్పుడూ స్పీకరులోనే పెడతాడు. ఏం చెప్పినా ‘ఆ, అట్నే’ అంటాడు. కాదనాల్సిన చోట కూడా అట్నే అన్నప్పుడు వదినా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం. ఆమెకు నాకంటే ముందే తెలుసు. ‘యాడా అనొద్దన్నాడు’ అని మాత్రం చెప్పింది.

నేను ఊరుకునే రకం కాదు. బడి ల్యాబు నుంచి శ్రుతిదండం తెచ్చాను. శ్రుతిదండం అంటే రెండు పాయల ఉక్కు కడ్డీ, రబ్బరు సుత్తితో కొడితే సన్నగా మోగుతుంది. ఆదివారం పొద్దున అన్నను కుర్చీలో కూర్చోబెట్టి, మోగుతున్న పాయలను ఆయన చెవి ముందర పెట్టాను. ‘ఏమన్నా వినపడతా ఉందా’ అని చేత్తో సైగ చేశాను. ఏమీ లేదన్నట్టు పెదవి విరిచాడు. ఆ మోత ఆగకముందే కాడను చెవి వెనక ఎముక మీద ఆనించాను. ఆయన ముఖం మారిపోయింది. చిన్నప్పుడు పోగొట్టుకున్నది ఏదో దొరికినట్టు నవ్వాడు.

‘ఇదేందే, లోపల్నే మోగతా ఉంది’ అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే నేను టీచరును ఎలా అవుతాను. లోపలి చెవి బాగానే ఉంది, గాలిలో వచ్చిన అదురు అక్కడిదాకా అందడం లేదు, ఎముక లోంచి వస్తే అందుతోంది అని విడమరిచి, గట్టిగా, ముఖం ఎదురుగా పెట్టి చెప్పాను. ఆ వారంలోనే బలవంతాన నెల్లూరు తీసుకుపోయాను. డాక్టరు కూడా అదే చెప్పింది. చెవిలో ఒక చిన్న ఎముక బిగుసుకుపోతోంది, ఆపరేషన్ చేయించుకోవచ్చు, లేదంటే మిషను పెట్టుకోవచ్చు. ఆపరేషన్ అయితే కొన్ని నెలలు నీళ్లలో దిగకూడదు. మిషను అయితే తడవకూడదు. రెండుసార్లు నీళ్ల మాట వచ్చేసరికి అన్న లేచి నిలబడ్డాడు.

బస్సులో వస్తూ, ‘పంట పట్టినాక చూద్దాం’ అన్నాడు. రొయ్యల ఊళ్లలో అన్నీ పంట పట్టినాకే. ఒక పంట పట్టేలోగా ఇంకో గుంటలో రొయ్యపిల్ల వదులుతారు కాబట్టి, ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు.

ఆయన దాచింది సిగ్గుతో అనుకుంటే పొరపాటు. గుంటల పనిలో ఒక కట్టుబాటు ఉంది. మెకానిక్కు నీళ్లలో ఉండగా స్టార్టరు నొక్కాలంటే, గట్టు మీది మనిషి ముందు ‘కరెంటూ…’ అని సాగదీసి కేక వేయాలి. నీళ్లలో ఉన్నవాడు చేతులు తీసి పక్కకు జరిగి ‘ఓ…’ అని బదులివ్వాలి. బదులు రాకుండా పచ్చ బటను మీద వేలు పెట్టకూడదు. ఎంత పెద్ద రైతయినా, ఎంత తొందరలో ఉన్నా, ఇది తప్పరు. తప్పిన చోట ఏం జరిగిందో అందరూ చూశారు, అలా మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఒకటైనా లేని ఊరు గుంటల పక్క లేదు. ఫ్యూజు పీకి జేబులో వేసుకుని దిగితే ఈ బాధ లేదు కదా అని నేను మొదట్లో తెలివిగా అడిగాను. ఒక వరసలోని ఏరియేటర్లన్నిటికీ కలిపి ఒకే స్టార్టరు ఉంటుంది, ఒకటి చెడితే అది బాగయ్యేదాకా మిగతావి ఆపి కూర్చోవడానికి రైతు ఒప్పుకోడు, నడుమ నడుమ వాటిని తిప్పుతూనే ఉంటాడు. అందుకే కేకా, బదులూ. చెవుడున్న మెకానిక్కును నీళ్లలోకి ఎవరూ దించరు.

మరి మా అన్న ఎలా దిగుతున్నాడు? అది తెలుసుకోవడానికి ఒక సెలవు రోజున క్యారియరు పట్టుకుని గుంటల మీదికి పోయాను. ఏరియేటర్లు కొట్టుకుపోకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు లాగి కట్టిన నైలాను తాడు ఉంటుంది. అన్న ఆ తాడును నడుముకు ఆనించుకుని పని చేస్తున్నాడు. గట్టు మీది రైతు కేక వేయలేదు, తాడును రెండుసార్లు గట్టిగా విదిలించాడు. మూపురం ఒకటి, దాని వెనక ఇంకొకటి తాడు వెంట పోయి అన్న నడుముకు తగిలాయి. ఆయన పక్కకు జరిగి కుడిచెయ్యి పైకెత్తాడు. రైతు బటను నొక్కాడు.

‘గాలిలో కేక సరిగా అందడం లేదంట టీచరమ్మా, తాడు అయితే ఖాయమంట. మీ అన్న కనిపెట్టినాడు’ అని రైతు మెచ్చుకోలుగా చెప్పాడు. నేను నవ్వాననుకుంటాను.

ఆ సాయంత్రం అన్నతో పోట్లాడాను. కేక అన్ని దిక్కులకూ పోతుంది, నువ్వు ఎటు తిరిగి ఉన్నా, వంగి ఉన్నా, గట్టు మలుపు తిరిగి అయినా వచ్చి చేరుతుంది, దానికి దారి పొడవునా గాలి ఉంటే చాలు అన్నాను. తాడు మీది అల తాడు ఉన్నంత మేరే వస్తుంది, అది కూడా తాడు బిగిసి ఉంటేనే. తాడు వదులైతే రాదు. నడుమ గుంజకు చుట్టుకుంటే అక్కడి నుంచే వెనక్కి తిరిగిపోతుంది. నీళ్లలో నానుతుంటే కొంత దూరం పోయి చచ్చిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, తాడును మనిషే ఊపనక్కర్లేదు, సముద్రం మీంచి వచ్చే గాలి ఊపినా అల అలాగే వస్తుంది. దాని మీద ఎవరు పంపారో రాసి ఉండదు అన్నాను.

అన్న నా పెదాల వంకే చూస్తూ అంతా విన్నాడు. ‘పాఠం బాగుంది. పిల్లకాయలకి చెప్పు’ అన్నాడు.

‘పిల్లకాయలు నీళ్లలో దిగరు’ అన్నాను.

‘నేను దిగకపోతే మన పిల్లకాయలకి ఫీజులు ఎవరు కడతారు’ అని లేచి వెళ్లిపోయాడు. అన్నకు ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ గూడూరులో హాస్టల్లో ఉండి చదువుతున్నారు.

ఆ తర్వాత వదిన ఒక పని మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం వంకతో గుంటల మీదికి పోవడం, అన్న నీళ్లలో ఉన్నంతసేపూ స్టార్టరు పెట్టె పక్కన నిలబడటం. ఎవరైనా అడిగితే ఇంట్లో ఉక్కగా ఉందనేది. ఎండలో నిలబడి ఇంట్లో ఉక్క అనే మనిషిని చూసి రైతులు నవ్వుకునేవారట. ఆమె రైతు చేతుల వంకా, అన్న చేతుల వంకా మార్చి మార్చి చూస్తూ ఉండేది. సాయంత్రానికి మెడ పట్టేసేది, నేను నూనె రాసేదాన్ని.

ఆ ఏడు చలికాలం ముందర వాయుగుండం పట్టింది. తీరం దాటలేదు, ఉత్తరానికి పోతుందన్నారు. బళ్లకు సెలవిచ్చారు. వాన రాలేదు. ఆకాశం మాత్రం బురద రంగులో కిందికి దిగి వచ్చినట్టుంది, సముద్రం వైపు నుంచి గాలి ఆగి ఆగి కొడుతోంది. వదినకు జ్వరం. పొద్దున్నే కరెంటు పోయింది. అన్న అప్పటికే ఒక గుంటలో దిగాడని తెలిసి, వదిన మంచం మీంచి లేవబోయింది. నేను ఆమెను పడుకోబెట్టి క్యారియరు తీసుకున్నాను.

నేను చేరేసరికి గట్ల మీద మనుషులు పరుగులు పెడుతున్నారు. ఏరియేటర్లు ఆగి చాలాసేపయింది. జనరేటరు ఒక్కటే ఉంది, దాన్ని పక్క గుంటకు తిప్పారు. ఇటు గుంటలో రొయ్య తేలడం మొదలైంది. గాలి అందక అంచు నీళ్లలోకి వచ్చి, మీసాలు పైకి పెట్టి కొట్టుకుంటోంది. అంచు పొడవునా నీళ్లు ఉడుకుతున్నట్టు కనిపించింది. రైతు పెద్దాయన, అందరితో మర్యాదగా మాట్లాడే మనిషి, ఆ నీళ్ల వంక చూడలేక స్టార్టరు పెట్టె దగ్గర నిలబడి పెదాలు తడుపుకుంటున్నాడు.

అన్న గుంట నడుమ ఉన్నాడు. చివరి ఏరియేటరు గేరు పెట్టె విప్పి, కేబులు అతుకు కూడా విప్పి పెట్టుకున్నాడు. రొమ్ముల దాకా నీళ్లు, నడుముకు ఆ తాడు. గాలికి గుంటంతా అలలు లేచి ఉన్నాయి. నీళ్ల మీది అల పాఠంలో చెప్పే తాడు అలంత సూటిగా ఉండదు, నీటి బొట్టు పైకీ కిందికీ మాత్రమే కాక గుండ్రంగా తిరుగుతుంది. దాని మీద తేలే ఏరియేటరు కూడా ఊగుతూ, తోస్తూ, లాగుతూ ఉంటుంది. అప్పుడు చూశాను. తాడు సగం దూరంలో ఇంకో ఏరియేటరును తేల్చే పీపాల కింద చిక్కుకుని ఉంది. గట్టు నుంచి అక్కడిదాకా ఒక తాడు, అక్కడి నుంచి అన్న దాకా ఇంకో తాడు అయిపోయింది.

ఆ పీపా అల మీద ఎగిరి పడినప్పుడల్లా అన్న వైపు తాడు తుళ్లుతోంది. రెండు కుదుపులు వరసగా తగిలినప్పుడు అన్న పక్కకు జరిగి చెయ్యెత్తాడు. ఎవరూ ఏమీ నొక్కలేదు, కరెంటే లేదు. ఆయన కాసేపు చూసి, గాలి అనుకున్నాడేమో, మళ్లీ వంగాడు. మళ్లీ తుళ్లింది, మళ్లీ జరిగి చెయ్యెత్తాడు. ఆ పొద్దు ఎన్నిసార్లు అలా గాలికి జవాబు చెప్పాడో నాకు తెలియదు.

కరెంటు వచ్చింది. పెట్టె మీది చిన్న ఎర్ర దీపం వెలిగింది. నాలుగు గట్ల మీంచీ ‘వచ్చింది, వచ్చింది’ అని అరుపులు. రైతు ఒక్క అంగలో వచ్చి తాడును రెండుసార్లు విదిలించాడు. మూపురాలు లేచి పీపా దాకా పోయి, అక్కడ ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే పీపా ఎగిరింది, అవతల తాడు తుళ్లింది, అన్న పక్కకు జరిగి చెయ్యెత్తాడు. రైతు ఆ చెయ్యి చూశాడు. చూసి పెట్టె వైపు తిరిగాడు. ఆయన తిరిగిన ఆ కాస్తంతలో, రెక్కలు తిరగలేదు కాబట్టి ఇది కూడా గాలేనని అన్న మళ్లీ వంగి, రెండు చేతులూ గేరు పెట్టెలో పెట్టాడు.

‘అన్నా’ అని అరిచాను. నా గొంతు ఎలాంటిదో పిల్లలకు తెలుసు, మూడు గదుల అవతలికి వినిపిస్తుంది. ఆయన వీపు కదల్లేదు.

పచ్చ బటనుకూ రైతు వేలికీ నడుమ నా చెయ్యి పెట్టాను.

‘తియ్యండమ్మా, రొయ్య చస్తా ఉంది’ అన్నాడు ఆయన.

‘ఆగండి. చేతులు లోపలే ఉండాయి.’

‘చెయ్యెత్తినాడు గదా. నేను చూసినా.’

‘ఎత్తింది మీకు కాదు, గాలికి.’

ఆయనకు నేను పిచ్చిదానిలా కనిపించి ఉంటాను. నా మణికట్టు పట్టుకుని పక్కకు లాగబోయాడు, మర్యాదగానే. ‘కేకెయ్యండి. పాత పద్ధతిలో కేకేసి చూడండి’ అన్నాను. ఆయన నా వంక చూసి, గుంట వైపు తిరిగి, గుండెల నిండా గాలి పీల్చి ‘కరెంటూ…’ అని కేక వేశాడు. ఆ కేక తెలియని మనిషి ఆ గట్ల మీద లేడు. పక్క గుంటల వాళ్లు కూడా పని ఆపి చూశారు. బదులు కోసం అందరం నిలబడ్డాం. నీళ్ల మీద గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. అన్న స్పానరు తిప్పుకుంటూ ఉన్నాడు.

‘మా అన్నకి వినపడదు’ అన్నాను.

రైతు నా మణికట్టు వదిలేశాడు. పెట్టె నుంచి రెండడుగులు వెనక్కి వేసి, చేతులు రెండూ లుంగీకి తుడుచుకున్నాడు. ఆ ముఖంలో కోపం లేదు. తను ఏం చేయబోయాడో అర్థమైనవాడి ముఖం అది, దాన్ని నేను మరిచిపోలేను. ఎవరో తెప్ప తోసుకుంటూ పోయి అన్న భుజం తట్టారు. అన్న నవ్వుతూ తిరిగాడు. గట్టు మీద అంతమంది తన వంకే చూస్తూ నిలబడి ఉండటం చూశాడు, నేను పెట్టె పక్కన ఉండటం చూశాడు. నవ్వు పోయింది. నేనేం చెప్పానో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ గుంటలో రొయ్య బతికింది. ఆ రాత్రి అన్న అన్నం తినలేదు. వదిన మంచం పక్కన కూర్చుని, నా వైపు తిరగకుండా ఒక్క మాటే అన్నాడు. ‘ఆపమంటే చాలదా. వినపడదని ఊరంతటికీ చెప్పాల్నా.’

ఆపమంటే రైతు ఆగలేదని నేను చెప్పలేదు. చెప్పినా అన్న నా పెదాలు చూస్తేనే కదా తెలిసేది.

ఎవరూ మా అన్నను అవమానించలేదు. అదే ఆయనను ఎక్కువ కాల్చింది. మోటార్లు షెడ్డుకు తెచ్చి ఇచ్చేవాళ్లు, పెద్దగా, పదం పదం విడదీసి మాట్లాడేవాళ్లు, వెళ్లేటప్పుడు భుజం తట్టి వెళ్లేవాళ్లు. నీళ్లలో పనికి మాత్రం వేరేవాళ్లను పిలిచారు. మా పక్క పని అంతా నీళ్లలోనే ఉంటుంది. ఆపరేషన్ మాట మళ్లీ తెస్తే, నెలల తరబడి ఇంట్లో కూర్చుని ఏం తినాలని వదిన మీద అరిచాడు. నాతో అరవడం కూడా మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, నేను ఎదురుపడితే నా పెదాల వంక చూడకుండా తల దించుకునేవాడు. చెవుడున్న మనిషికి అంతకంటే గట్టిగా తలుపు మూయడం సాధ్యం కాదు.

సంక్రాంతి పోయాక ఒక పొద్దున పనిముట్ల సంచి బండికి కట్టుకుని బయలుదేరాడు. వాకాడు వైపు గుంటల్లో పని దొరికిందని వదినతో చెప్పాడు. వాకాడు ఇక్కడికి చాలా దూరం. ఎందుకంత దూరమో అడిగే అవసరం లేదు, అక్కడ ఆయన గురించి ఎవరికీ తెలియదు. వదిన గుమ్మంలో నిలబడి చూసింది, ఆపలేదు. నేనూ మేడ మీంచి చూశాను, ఆపలేదు. అప్పటి నుంచి రోజూ ఫోను మోగితే ఇద్దరం ముందు ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం.

మొన్న మధ్యాహ్న భోజనాల వేళ వరండాలో ఉండగా నా ఫోను మోగింది. తెలియని నంబరు. పిల్లల పళ్లేల మోతలో సరిగా వినపడక గోడ వైపు తిరిగి ఫోను చెవికి నొక్కుకున్నాను.

‘టీచరమ్మ గారేనా. వాకాడు కాడ్నుంచి మాట్లాడతా ఉండా. మీ అన్న మా గుంటలో ఉండాడు. కరెంటు వచ్చింది. కేకేస్తే పలకడం లేదు. నేను పలక్కపోతే స్టార్టరు ముట్టుకోబాకండి, ఈ నంబరుకి చెయ్యండని చెప్పి దిగినాడు. ఏం చెయ్యమంటారు.’

వదిన నంబరు కాదు, నాది ఇచ్చాడు. నాతో మాట్లాడి ఎన్ని నెలలయిందో. నేను ఏం చెబుతానో తెలిసే ఇచ్చాడు.

‘ముట్టుకోవద్దండీ. మనిషి దగ్గరికి పోయి, భుజం తట్టి చెప్పండి. ఆయనకి వినపడదు’ అన్నాను.

అవతలి మనిషి ఎవరినో పెట్టె దగ్గర్నుంచి జరగమని అరిచాడు.

‘మీ ఇంట్లో అందరికీ తెలుసునా.’

‘తెలుసండీ.’

‘తెలిసి ఎట్టా దిగనిచ్చినారమ్మా.’

ఫోను కట్ చేయవద్దని మాత్రం అడిగాను. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నట్టున్నాడు, ఆ తర్వాత నీళ్లలోకి దిగుతున్న చప్పుడు వచ్చింది. ఆయన మా అన్న దగ్గరికి చేరేదాకా ఆ చప్పుడు వింటూ గోడకు ముఖం పెట్టి నిలబడ్డాను.